గాటు దగ్గర మొదలయ్యే పగులు – మన పాత బోరింగు ఎందుకు విరిగింది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మ్యాగజైన్ కమిటీ తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మేము ముగ్గురం ముందు తప్పించుకోవాలనే చూశాం. కవితలు మాకు రావు. హాస్టల్ జ్ఞాపకాలు మాకంటే బాగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మాకు తెలిసిందల్లా ఇనుము. ఈ హాస్టల్లోనే ఉండి పదో తరగతి పాసై, పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, ఇప్పుడు మాలో ఒకరు ఫౌండ్రీలో, ఒకరు రైల్వే వర్క్‌షాపులో, ఒకరు పాలిటెక్నిక్ లాబ్‌లో పనిచేస్తున్నాం. అందుకని ఇనుము గురించే రాస్తున్నాం. సాగకుండా, వంగకుండా, ముందుగా చెప్పకుండా ఇనుము పుటుక్కున ఎందుకు విరుగుతుంది, ఆ విరగడం ఎక్కడ మొదలవుతుంది అన్నదే ఈ వ్యాసం. ఇదే విషయం ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. 2002లో ఇక్కడ ఉన్నవాళ్ళకి అది గుర్తుండే ఉంటుంది.

అప్పట్లో హాస్టల్ వెనక, ఇప్పుడు సిమెంటు ట్యాంకు ఉన్నచోట, చేతి బోరింగు ఉండేది. పోత ఇనుముతో చేసిన పాతరకం పంపు. దాని తలమీద రెండు చెవులు, ఆ చెవుల మధ్య ఒక పిన్ను, ఆ పిన్ను మీద హ్యాండిల్. జనవరి నెల, తెల్లవారుజామున స్టడీ అవర్‌కు ముందు ఏడో తరగతి తమ్ముడొకడు నీళ్ళు కొడుతున్నాడు. చిన్నవాళ్ళకి బలం చాలక హ్యాండిల్ పట్టుకుని వేలాడేవాళ్ళు కదా, వాడూ అలాగే వేలాడాడు. ఫట్‌మని చప్పుడు. ఒక చెవి ఊడి కిందపడింది. హ్యాండిల్ ఎగిరి వాడి మూతికి తగిలింది. పై పెదవి చీలి, ఒక పన్ను విరిగింది. ఆసుపత్రికి తీసుకెళితే కుట్లు వేశారు.

అంతటితో అయిపోలేదు. ఉయ్యాల ఊగినట్టు ఊగి పంపు విరగ్గొట్టాడని తేల్చారు. వాళ్ళ నాన్నను పిలిపించి 150 రూపాయలు కట్టమన్నారు. ఆ రోజుల్లో అది మూడు రోజుల కూలి. 'మీరు చూశారా?' అని పదో తరగతి వాళ్ళమైన మమ్మల్ని అడిగితే, 'చూశాం సార్, వేలాడాడు' అన్నాం. అబద్ధం చెప్పలేదు. ఆయన డబ్బు కట్టి వెళ్ళాడు. ఆ తమ్ముడు ఉగాది సెలవులకు ఇంటికి వెళ్ళి మళ్ళీ హాస్టల్‌కు రాలేదు.

ఊడిపడిన ఆ చెవి ముక్కను చేత్తో పట్టుకుని చూసినవాళ్ళం మేమే. విరిగిన ముఖంలో సగానికిపైగా తుప్పు పట్టి ఎర్రగా ఉంది. మిగిలిన భాగం బూడిదరంగులో, కొత్తగా, గరుకుగా మెరుస్తోంది. చూశాం, పక్కన పడేశాం. దాని అర్థం మాకు తెలిసేసరికి మూడేళ్ళు పట్టింది. ఆ అర్థమే ఇప్పుడు చెబుతాం.

ముందుగా తేలికైన ప్రయోగం ఒకటి. మెస్సులో మన సత్తు పళ్ళెం కిందపడితే ఏమవుతుంది? సొట్ట పోతుంది. తరగతిలో సుద్దముక్క కిందపడితే? రెండు ముక్కలవుతుంది. సత్తుది సాగే గుణం, సుద్దది పెళుసు గుణం. ఇప్పుడు రెండు కొత్త సుద్దముక్కలు తీసుకోండి. ఒకదానికి నడుమ బ్లేడుతో చుట్టుకొలతలో కొంతమేర సన్నగా గాటు పెట్టండి. రెంటినీ వంచి విరవండి. గాటు ఉన్నది ఎంత తేలిగ్గా విరుగుతుందో, సరిగ్గా ఎక్కడ విరుగుతుందో మీకే తెలుస్తుంది. ఇంకో తమాషా ఉంది. గాటును బయటివైపు, అంటే వంపులో సాగే వైపు పెట్టి వంచితేనే ఇది జరుగుతుంది. గాటు లోపలివైపు, అంటే నొక్కుకుపోయే వైపు ఉంటే అది మూసుకుపోతుంది, పెద్దగా నష్టం చేయదు. పగులును తెరిచే బలమే ప్రమాదం.

ఈ సంగతి మనకు తెలియనిది కాదు. రూపాయి షాంపూ ప్యాకెట్టు అంచున చిన్న గాటు ఉంటే వేళ్ళతో చిరుగుతుంది, లేకపోతే పళ్ళతో పీకాలి. బట్టల కొట్టువాడు కత్తెరతో అంచున ఒక్క కత్తిరింపు పెట్టి మిగతాది చేత్తో చించుతాడు. అద్దాల కొట్టులో వజ్రపు కలంతో ఒక గీత గీసి, బల్ల అంచున పెట్టి నొక్కితే అద్దం ఆ గీత వెంటే విరుగుతుంది. రాళ్ళు కొట్టేవాళ్ళు పెద్ద బండమీద వరసగా గుంటలు తవ్వి, వాటిలో ఇనుప మేకులు దిగ్గొట్టి, బండను తమకు కావలసిన చోట చీలుస్తారు. మన హాస్టల్లో చదివినవాళ్ళలో అలాంటి ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. పగులును ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు నడిపించాలో వాళ్ళ నాన్నలకు మా ప్రొఫెసర్లకంటే ముందే తెలుసు.

ఇంతకీ గాటు దగ్గర ఏం జరుగుతుంది? ఒక ఇనుప పట్టీని రెండు చివరలా లాగుతున్నామనుకోండి. ఆ లాగుడు పట్టీ అంతటా సమానంగా పంచుకుంటుంది. మెస్సు బయట పది వరసల్లో నిలబడ్డ పిల్లల్లా, ఎవరి వరస వారిది. ఇప్పుడు దారిలో ఒక బల్ల అడ్డం పెట్టండి. బల్ల ఎదురుగా ఉన్న నాలుగు వరసలూ పక్కకు జరిగి, బల్ల అంచు పక్కనుంచే దూరి వెళతాయి. తొక్కిసలాటంతా అక్కడే. పట్టీలో రంధ్రమో గాటో ఉంటే బలం కూడా అలాగే దాని కొన దగ్గర గుమిగూడుతుంది. దూరంగా ఉన్న లోహానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, కొన దగ్గర మాత్రం భరించలేనంత ప్రతిబలం ఉంటుంది.

ఎంత ఎక్కువ? వెడల్పాటి పలకలో చిన్న గుండ్రటి రంధ్రం ఉంటే దాని అంచున ప్రతిబలం మూడు రెట్లవుతుందని 1898లో జర్మనీకి చెందిన కిర్ష్ లెక్కకట్టాడు. గుండ్రంగా కాక కోడిగుడ్డులా, ఇంకా సన్నగా ఉంటే ఎలా అన్నది 1913లో ఇంగ్లండుకు చెందిన ఇంగ్లిస్ ఓడల ఇంజనీర్ల సభకు సమర్పించిన పత్రంలో చెప్పాడు. సూత్రం చాలా చిన్నది. రంధ్రం పొడవును వెడల్పుతో భాగించి, రెండుతో గుణించి, ఒకటి కలపాలి. లాగే దిక్కుకు అడ్డంగా 10 మిల్లీమీటర్ల పొడవు, 1 మిల్లీమీటరు వెడల్పు ఉన్న చీలిక ఉందనుకోండి. పదిని రెండుతో గుణిస్తే ఇరవై, ఒకటి కలిపితే ఇరవై ఒకటి. అంటే చీలిక కొన దగ్గర 21 రెట్లు! ఇక్కడ గమనించాల్సింది పోయిన లోహం ఎంత అన్నది కాదు. కొన ఎంత వాడిగా ఉందన్నది. 10 మిల్లీమీటర్ల గుండ్రటి బెజ్జం కంటే అంతే పొడవున్న సన్నటి బీట చాలా ప్రమాదకరం. కంటికి కనిపించే బెజ్జానికి భయపడి, కనిపించని బీటను వదిలేస్తాం మనం.

అయితే ఇక్కడ మాకు డిప్లొమా రెండో ఏడాదిలో ఒక అనుమానం వచ్చింది. సూత్రం ప్రకారం బీట ఎంత సన్నగా ఉంటే కొన దగ్గర ప్రతిబలం అంత పెరగాలి. జుట్టుమందం బీటకు వందల రెట్లు రావాలి. అలాగైతే గీత పడ్డ ప్రతి వస్తువూ విరిగిపోవాలి కదా? మా ట్రంకు పెట్టెలకు లేని గీతల్లేవు. అవి ఇంకా బాగానే ఉన్నాయే!

ఈ చిక్కు విప్పినవాడు గ్రిఫిత్. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో విమానాల పరిశోధనశాలలో పనిచేసేవాడు. 1921లో అచ్చయిన ఆయన పత్రం ఈ శాస్త్రానికి పునాది. ఆయన గాజుతో ప్రయోగాలు చేశాడు. ఆయన ఆలోచన ఇది. పగులు ముందుకు జరగాలంటే రెండు కొత్త ముఖాలు పుట్టాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. ఆ శక్తి ఎక్కడినుంచి వస్తుంది? లాగి పట్టిన రబ్బరులో దాగి ఉన్నట్టే, సాగి ఉన్న పదార్థంలో శక్తి దాగి ఉంటుంది. పగులు పెరిగినకొద్దీ దాని చుట్టుపక్కల పదార్థం వదులై ఆ శక్తిని విడుదల చేస్తుంది. ఖర్చు పగులు పొడవుతోపాటు పెరుగుతుంది. రాబడి మాత్రం పొడవు వర్గంతో పెరుగుతుంది. పొడవు రెట్టింపైతే ఖర్చు రెట్టింపు, రాబడి నాలుగు రెట్లు. కాబట్టి పగులు చిన్నగా ఉన్నంతకాలం ఖర్చే ఎక్కువ, అది కదలదు. ఒక పొడవు దాటిందా, ఇక బయటినుంచి ఎవరూ అదనపు బలం ఇవ్వనక్కర్లేదు. తన రాబడితో తనే పరుగెడుతుంది. ఉక్కులో ఆ పరుగు సెకనుకు కిలోమీటరు దాటిన సందర్భాలున్నాయి. మనకు 'ఫట్' అని వినిపించేసరికి పని అయిపోయి ఉంటుంది.

లోహాల విషయంలో ఇంకొక మాట కలపాలి. గాజులో ఖర్చంటే కొత్త ముఖాల ఖర్చు మాత్రమే. మంచి ఉక్కులో పగులు కొన దగ్గర లోహం విరగడానికి ముందు సాగుతుంది, మొద్దుబారుతుంది. ఆ సాగడానికి అయ్యే ఖర్చు కొత్త ముఖాల ఖర్చుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ సంగతిని ఒరోవాన్, అమెరికాలో ఇర్విన్ అనే శాస్త్రవేత్తలు రెండో ప్రపంచయుద్ధం తర్వాతి సంవత్సరాల్లో లెక్కలోకి తెచ్చారు. ఇర్విన్ పద్ధతితో ఏ లోహంలో ఎంత పగులును భరించవచ్చో ముందే చెప్పవచ్చు. మేము చేసిన లెక్క ఒకటి చూడండి. చదరపు మిల్లీమీటరుకు సుమారు 10 కిలోల చొప్పున లాగుతున్నామనుకుందాం. అంచున మొదలైన పగులు ఎంత లోతు వెళితే విరుగుతుంది? మామూలు కట్టడపు ఉక్కులో ఉజ్జాయింపుగా పావు మీటరు. పోత ఇనుములో 5, 6 మిల్లీమీటర్లు. గాజులో మిల్లీమీటరులో వందో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మా ట్రంకు పెట్టెలు గీతలతోనే ఎందుకు బతికాయో, బోరింగు చెవి ఎందుకు బతకలేదో ఈ మూడు అంకెల్లో ఉంది.

పోత ఇనుము పెళుసుదనానికి కారణం కూడా గాట్లే. దానిలో వందకు రెండున్నర నుంచి నాలుగు పాళ్ళు కార్బన్ ఉంటుంది. అందులో చాలా భాగం గ్రాఫైట్ రేకులుగా, అంటే పెన్సిల్ ములుకులో ఉండే పదార్థమే సన్నటి పొరలుగా, ఇనుములో చెదిరి ఉంటుంది. గ్రాఫైట్‌కు బలమే లేదు. అంటే పోత ఇనుము పుట్టుకతోనే లోపల వేలాది చీలికలు ఉన్న లోహం. నొక్కితే అవి మూసుకుంటాయి, అందుకే అది నొక్కుడును లాగుడు కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ తట్టుకుంటుంది. స్తంభాలకు, మిషన్ల దిమ్మలకు అది బంగారం లాంటిది. లాగినా, వంచినా, కొట్టినా మాత్రం నమ్మలేం. 1940లలో ఒక మార్గం దొరికింది. కరిగిన ఇనుములో కొద్దిగా మెగ్నీషియం కలిపితే గ్రాఫైట్ రేకులుగా కాక గుండ్రటి గింజలుగా ఏర్పడుతుంది. కార్బన్ ఇంచుమించు అంతే, కానీ వాడి కొనలు పోయాయి. ఆ ఇనుము విరిగేముందు సాగుతుంది! మాలో ఫౌండ్రీలో పనిచేసేవాడు రోజూ పోసేది ఈ ఇనుమునే. ఇంగ్లిస్ సూత్రం నిజమని నమ్మడానికి వాడికి వేరే రుజువు అక్కర్లేదు.

మరి మంచి ఉక్కు ఎప్పుడూ పెళుసుగా విరగదా? విరుగుతుంది. 1943 జనవరి 16 రాత్రి అమెరికాలో పోర్ట్‌లాండ్ రేవులో షెనెక్టడి అనే కొత్త ట్యాంకర్ ఓడ, సముద్ర పరీక్షలు ముగించుకుని వచ్చి, ప్రశాంతమైన నీళ్ళలో కట్టేసి ఉన్నది ఉన్నట్టుగా నడుమ పగిలింది. అడుగు రేకులు మాత్రమే రెండు సగాలనూ పట్టి ఉంచాయి. ఆ చప్పుడు మైలు దూరం వినిపించిందట. తుఫాను లేదు, ఢీకొట్టింది లేదు. ఆ యుద్ధకాలంలోనే అమెరికా 2,710 లిబర్టీ ఓడలు కట్టింది. రివెట్లు కొట్టే తీరిక లేక వెల్డింగ్‌తో అతికారు. వాటిలోనూ చాలావాటికి డెక్కుమీద పగుళ్ళు వచ్చాయి. సరుకు దించే ద్వారాల చదరపు మూలల దగ్గర మొదలైనవి ఎన్నో. మొదట అందరూ వెల్డింగ్ పనివాళ్ళనే తిట్టారు. కేంబ్రిడ్జిలో కాన్‌స్టెన్స్ టిప్పర్ అనే ఇంజనీరమ్మ ఆ ఉక్కును పరీక్షించి, అది చలిలో సాగే గుణం పోగొట్టుకుని పెళుసుగా మారుతోందని నిరూపించింది. వెల్డింగ్ తప్పు బొత్తిగా లేదని కాదు. వెల్డింగ్ లోపాల్లో పగుళ్ళు పుట్టాయి, పైగా రివెట్ల ఓడలో ఒక రేకు పగిలితే పగులు ఆ రేకు అంచున ఆగేది, వెల్డింగ్ ఓడంతా ఒకే రేకు కాబట్టి ఆగే చోటు లేకపోయింది. తర్వాత మూలలు గుండ్రం చేశారు, మధ్యమధ్య రివెట్ల పట్టీలు వేశారు, ఉక్కు మార్చారు.

చలికి ఉక్కు పెళుసెక్కడం అనేది ఇనుము అణువుల అమరికలోనే ఉంది. రాగికి, సత్తుకు ఆ జబ్బు లేదు. అందుకే అతిచల్లటి ద్రవ వాయువులను నిలవచేసే ట్యాంకుల లోపలి గోడకు మామూలు ఉక్కు వాడరు. సత్తు, స్టెయిన్‌లెస్ స్టీల్, నికెల్ కలిపిన ఉక్కు వాడతారు. మన ఎండలకు ఆ భయం తక్కువే అనుకుంటాం గానీ, మందపాటి ముక్క, వాడి గాటు, ఉన్నట్టుండి పడే దెబ్బ, ఈ మూడూ కలిస్తే చలి చేసే పని చాలావరకు ఇవే చేస్తాయి. మందపాటి ముక్కలో నడిమి లోహం పక్కలనుంచి సన్నబడటానికి వీల్లేక సాగలేకపోతుంది.

డిప్లొమా లాబ్‌లో చార్పీ పరీక్ష చేసినవాళ్ళకి ఇది గుర్తు చేయాలి. 55 మిల్లీమీటర్ల పొడవు, 10 మిల్లీమీటర్ల చదరం ఉన్న ముక్క, నడిమధ్య 2 మిల్లీమీటర్ల లోతు గాటు. పెద్ద లోలకం లాంటి సుత్తి వచ్చి గాటుకు వెనకవైపు కొడుతుంది. విరగ్గొట్టాక సుత్తి ఎంత ఎత్తు లేచిందో చూసి, ముక్క ఎన్ని జౌళ్ళ శక్తి తాగిందో రాసుకుంటాం. మేమైతే సీనియర్ల రికార్డు చూసి అంకెలు దించేశాం. ఆ గాటు ఎందుకు పెట్టారో ఒక్కరమూ అడగలేదు. గాటు పెట్టకుండా కొడితే చాలా ఉక్కులు మంచివిగానే కనిపిస్తాయి. గాటు పెట్టాకే వాటి అసలు గుణం బయటపడుతుంది. ఇంకో ముక్కను డ్రై ఐసులో ఉంచి తీసి వెంటనే కొడితే, మామూలు ఉక్కు సుద్దముక్కలా విరిగి, విరిగిన ముఖం పంచదార పలుకుల్లా మెరుస్తుంది. సాగి విరిగిన ముఖం మసకగా, పీచుపీచుగా ఉంటుంది. ఈ మెరుపు చూసే 'ఇనుము పాతబడి పలుకు కట్టింది' అని మెకానిక్కులు అంటుంటారు. ఇనుము ఎప్పుడూ పలుకులే, కొత్తగా కట్టేదేమీ లేదు. సాగకుండా విరిగింది కాబట్టి పలుకులు కనబడ్డాయి, అంతే.

విరిగిన ముఖం ఒక వాంగ్మూలం లాంటిది. మందపాటి ఉక్కు రేకుల్లో బాణం ములుకుల్లాంటి గీతలు పడతాయి, ఆ ములుకులు పగులు మొదలైన చోటును చూపిస్తాయి. తుప్పు ఉన్న భాగం పాత పగులు. గాలి, నీరు తగిలి ఎన్నాళ్ళనుంచో ఉన్నది. శుభ్రంగా ఉన్న భాగం చివరిరోజు విరిగింది. 1967 డిసెంబరు 15 సాయంత్రం అమెరికాలో ఒహాయో నదిమీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. 1928లో కట్టిన ఆ వంతెనను గొలుసులాగా వేలాడదీసిన ఉక్కు పట్టీల్లో, ఒక పట్టీ చివరి కన్ను లోపలి అంచున సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పగులు ఉంది. అది పిన్నుకు ఆనుకుని ఉండటంతో ఎవరికీ కనిపించే వీల్లేదు. తుప్పుతో, ప్రతిబలంతో నలభై ఏళ్ళలో పెరిగింది అంతే. ఆ రోజు చలి, పైన వాహనాల రద్దీ. పక్కన ఉన్నది మరొక్క పట్టీ మాత్రమే. అది ఒక్కటే ఆ బరువు మోయలేకపోయింది. చివరిసారి వంతెన ఎక్కిన లారీ డ్రైవరుది తప్పని ఎవరూ అనలేదు.

మా బోరింగు చెవికి ఇప్పుడు వస్తాం. విరిగిన ముఖంలో సగానికిపైగా తుప్పు ఉందంటే, ఆ తమ్ముడు హ్యాండిల్ పట్టుకునేనాటికే చెవి సగానికిపైగా విరిగి ఉంది. రోజుకు వందమందిమి నీళ్ళు కొట్టినప్పుడల్లా ఆ బీట కాస్త తెరుచుకుంది, కాస్త పెరిగింది. అది అందరం కలిసి పెంచిన పగులు. 35 కిలోల పిల్లవాడి బరువు ఆ చెవికి లెక్కలోది కాదు, కొత్త పంపుమీద మా పదో తరగతి వాళ్ళే ఎన్నిసార్లు వేలాడలేదు! మేము 'వేలాడాడు' అని చెప్పిన మాట నిజమే. కానీ దానివల్ల విరగలేదు. తుప్పు సంగతి కూడా చెప్పి ఉండాల్సింది. చేతిలో ముక్క ఉన్నది మాకే.

ఈ వ్యాసం రాయాలనుకున్నాక ఆ తమ్ముడిని వెతికి పట్టుకున్నాం. ట్రాక్టర్ మెకానిక్ అయ్యాడు, సొంత షెడ్డు ఉంది. మా లెక్కలూ, గ్రిఫిత్ సంగతీ చెప్పి, క్షమించమన్నాం. ముసిముసిగా నవ్వాడు. 'అది నాకెప్పుడో తెలుసన్నా. రోజూ నా చేతిలోకి వచ్చేవి పగిలిన కేసింగులే కదా' అన్నాడు. పైగా మాకు తెలియని సంగతి అతనే చెప్పాడు. ఆ చెవికి అంతకుముందు ఏడాదే ఒకసారి వెల్డింగ్ చేయించారట, మేము మరిచిపోయాం. 'మామూలు రాడ్‌తో పోత ఇనుము మీద పెడితే, పెట్టిన పక్కనే గాజులా గట్టిపడి బీట కొడుతుంది. చుట్టూ వేడిచేయాలి, నికెల్ రాడ్ వాడాలి, పని అయ్యాక బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి' అన్నాడు. నిజమే. కరిగిన చోటు చుట్టూ ఉన్న చల్లటి ఇనుము వల్ల గబుక్కున చల్లారి, గ్రాఫైట్‌కు బదులు మరీ గట్టి, మరీ పెళుసు పదార్థం ఏర్పడుతుంది. అది ముడుచుకుంటూ పక్కవాటిని లాగుతుంది. అంటే మరమ్మతే కొత్త గాటైంది.

'అన్నిటికంటే ముందు బీట రెండు కొనల్లో డ్రిల్లుతో గుండ్రటి బెజ్జం వేయాలన్నా, లేకపోతే పరుగెడుతుంది' అన్నాడు. ఆ మాట వినగానే మాలో ఒకడు ఉలిక్కిపడ్డాడు. వాళ్ళ తాత చెప్పులు కుట్టేవాడు, ఎద్దుల మెడకు గంటల పట్టీలు చేసేవాడు. పట్టీలో బకిల్ దూరే చీలిక కోయాలంటే, ముందు రెండు చివర్లా గుండ్రటి బెజ్జాలు కొట్టి, ఆ తర్వాతే వాటి మధ్య రంపెతో కోసేవాడు. ఎందుకు తాతా అంటే 'బెజ్జం లేకపోతే కోత పరుగెడుతుందిరా' అనేవాడు. అదే మాట! విమానాల రేకుల్లో కూడా బీట కనిపిస్తే కొన దగ్గర బెజ్జం వేసి తాత్కాలికంగా ఆపుతారు. కొన మొద్దుబారితే గుమిగూడిన బలం చెదిరిపోతుంది. ఇంగ్లిస్ సూత్రంలో ఉన్నదీ అదే. బెజ్జం బీట అసలు కొనను దాటకుండా మధ్యలో పడితే మాత్రం ఉపయోగం ఉండదు.

అసలు కొన ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా? మాలో రైల్వేలో ఉన్నవాడు పాత పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న పద్ధతి ఇది. ఇప్పుడు అక్కడ అల్ట్రాసానిక్ మిషన్లు వచ్చాయిగానీ ఇది మీరే చేసుకోవచ్చు. అనుమానం ఉన్నచోట తుప్పు, రంగు, జిడ్డు గీకి శుభ్రం చేయండి. కిరోసిన్ పూయండి, దొరక్కపోతే డీజిల్ అయినా సరే. పావుగంట ఆగి పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ఇప్పుడు సుద్దపొడి నీళ్ళలోనో స్పిరిట్‌లోనో కలిపి పల్చగా పూసి ఆరనివ్వండి. బీటలోకి దిగిన నూనె నెమ్మదిగా పైకి ఊరి, తెల్లటి సుద్దమీద సన్నటి తడి గీతగా కనిపిస్తుంది. ఆ భాగాన్ని సుత్తితో చిన్నగా తడితే ఇంకా త్వరగా కనిపిస్తుంది. గీత ఎక్కడ ఆగిందో దానికి కాస్త అవతలే బెజ్జం పడాలి.

ఇంకో జాగ్రత్త. ఐ.టి.ఐ.లో, షెడ్డుల్లో చేరిన తమ్ముళ్ళు ఆకురాయితో మేకులు పీకకండి, దానిమీద సుత్తితో కొట్టకండి. అది గట్టిపరిచిన ఉక్కు, పైగా ఒళ్ళంతా గాట్లే. విరిగితే ముక్క కంట్లోకే వస్తుంది. టర్నింగ్ పనిలో షాఫ్టు మెట్టు దగ్గర మూలను ఎప్పుడూ చదరంగా వదలకండి, డ్రాయింగులో చూపించిన గుండ్రం కచ్చితంగా తీయండి.

గత నెల ఆదివారం మేము ముగ్గురం, ఆ మెకానిక్ తమ్ముడూ కలిసి హాస్టల్‌కు వచ్చాం. ఇరవై ఏళ్ళ తర్వాత అతను గేటు లోపలికి రావడం అదే మొదటిసారి. వంటగదిలో గ్రైండర్ స్టాండు, డైనింగ్ హాలు ఫ్యాన్ల కొక్కేలు, ట్యాంకు నిచ్చెన అతుకులు సుద్దపొడితో చూశాం. ఫ్యాన్ల కొక్కేలు బాగున్నాయి. నిచ్చెనకు పైనుంచి రెండో మెట్టు ఎడమ అతుకులో గోరంత తడి గీత కనిపించింది. వార్డెన్ గారికి చెప్పి దానికి తాళ్ళు కట్టించాం. మరమ్మతు అయ్యేవరకు ట్యాంకు ఎక్కవద్దు. మరమ్మతు చేయడానికి ఈ వార్షికోత్సవం రోజు పొద్దున్నే తన వెల్డింగ్ సెట్టు తెచ్చుకుంటానని అతను చెప్పాడు.